సన్యాసి నేడు

టెక్కలి,
12 జూలై 1924

అక్కయ్యకు గణపతి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. కోనసీమ వదిలి గంజాం జిల్లాకు పోతున్నానని అమ్మ ఏడ్చిన ఏడుపు నీకు ఈపాటికి ఉత్తరంలో చేరే ఉంటుంది. నౌపడాలో పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కాను. అది మనిషి నడకకు కొంచెం ముందు, ఎద్దుబండికి కొంచెం వెనక. కవిటిలో నువ్వు ఉన్నావు కదా, ఇది నాకు పరాయి దేశం ఎలా అవుతుంది?

కళాశాల కొత్తదే కానీ గ్రంథాలయం పెట్టిన భవనం మాత్రం పాత ధాన్యం కొట్టు. కింద చదువుకునే హాలు, అందులో నా బల్ల. పుస్తకాలన్నీ పైన, మేడ మీద. పైకి మెట్లు లేవు, నిట్టనిలువుగా ఒక నిచ్చెన ఉంది. నా కుంటికాలితో ఆ నిచ్చెన ఎక్కే యోగం ఈ జన్మకు లేదు. అయినా చిక్కేమీ రాలేదు. బస్తాలు పైకి లాగడానికి ఒకప్పుడు పెట్టిన గిలక, కొబ్బరి తాడు అలాగే ఉన్నాయి. తాడుకు బుట్ట కట్టారు. పుస్తకం నంబరు చీటీ మీద వేసి బుట్టలో పడేసి తాడు కదిపితే బుట్ట పైకి పోతుంది. కాసేపటికి పుస్తకంతో దిగుతుంది. మద్రాసులో కూడా ఇంత మంచి ఏర్పాటు ఉంటుందనుకోను.

ఇక నౌకర్ల సంగతి. కింద అప్పలరాజు అనే నడివయసు మనిషి, ఊడ్చి నీళ్ళు పెట్టే ధనమ్మ. వీళ్ళ మాట వింటే నీకు నవ్వొస్తుంది, నాకు మాత్రం తలనొప్పి వస్తుంది. "ఏటి సెప్పమంటారు బావూ" అంటాడు అప్పలరాజు. "సెప్పడం కాదయ్యా, చెప్పడం" అని నాలుగైదుసార్లు దిద్దాను. ఆ తర్వాత నోరు విప్పడం తగ్గించాడు. అదీ మంచిదే. గ్రంథాలయంలో మాటలు పొదుపుగా ఉండాలి. అందుకే వచ్చిన వారంలోనే ఒక నియమం పెట్టాను: అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు, అంతకు మించి ఎవరూ మాట్లాడకూడదు. ఇద్దరూ తలూపారు. ఈ నియమం విని వాళ్ళ ముఖాలు తేటపడినట్టు నాకనిపించింది. ఎందుకో తెలియదు.

పైన ఉండేవాడు సన్యాసి. రత్నం లాంటి పనివాడు. అతన్ని నేనింకా చూడనేలేదు. నేను రాకముందే ఎక్కుతాడు, నేను వెళ్ళాక దిగుతాడు కాబోలు. మధ్యాహ్నం తిండికి కూడా దిగడు. అడిగిన పుస్తకం బదులు వేరేది వచ్చిందన్నది లేదు, ఆలస్యమైందన్నది లేదు. తక్కిన ఇద్దరికీ అతనంటే ఒళ్ళుమంట. బుట్ట కదిలిందంటే చాలు, చేతిలో పని వదిలేసి వరండాలోకి పోతారు. ఒకరు బాగా పనిచేస్తే పక్కవాళ్ళకు పడదు, ఏ ఊళ్ళోనైనా ఇంతే.

బావగారికి నమస్కారాలు చెప్పు. ఇక్కడ మంచి ఆవకాయ దొరకదు. ఈ వాక్యం ఎందుకు రాశానో నీకు తెలుసు.

నీ తమ్ముడు
గణపతిరావు

*

కవిటి,
24 జూలై 1924

చిరంజీవి గణపతికి అక్క కృష్ణవేణి దీవెనలు.

ఆవకాయ జాడీ సోంపేట దాకా బండి మీద, అక్కడినుంచి రైల్లో వస్తుంది. పలాస దాటేలోగా గార్డు తినేయకపోతే నీకు అందుతుంది.

నీ ఉత్తరం చదివి మీ బావగారు పడీపడీ నవ్వారు. చిన్నప్పుడు మన ఇంటి చాకలిని కూడా దిద్దేవాడివి, గుర్తుందా? మురికి పోలేదని ఎవరూ అనలేదు, నువ్వొక్కడివే అతని మాటలో దీర్ఘం పోయిందన్నావు. నేనూ కాపురానికి వచ్చిన కొత్తలో వీళ్ళ మాటకు ముఖం చిట్లించినదాన్నే. ఇప్పుడు కోపమొస్తే నా నోటికి వచ్చేది ఈ మాటే. నీ నియమం మాత్రం నాకు నచ్చలేదురా. ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే మనిషి ఏ ముక్క చెప్పడు? మిగిలినవన్నీ.

సరే, అసలు సంగతి విను. మా తోటలో కొబ్బరి పీచు దంచే ఆడవాళ్ళలో నీలమ్మ అని ఒకామె ఉంది. నెమ్మదస్తురాలు. ఆమె మొగుడి పేరు సన్యాసి. మీ కళాశాల గ్రంథాలయంలోనే పనికి కుదిరాడు. పోయిన కార్తీకంలో గాలివాన వచ్చింది చూడు, ఆ తర్వాత అతని కబురు లేదు. నీలమ్మ మనిషిని పంపితే, అక్కడివాళ్ళు రంగం వెళ్ళిపోయాడని చెప్పారట. ఇక్కడినుంచి ఓడెక్కి బర్మాకు, ఆ రంగం రేవుకు, కూలికి పోయే మగవాళ్ళకు లెక్క లేదు. చెప్పకుండా పోయేవాళ్ళూ ఉన్నారు. కానీ సన్యాసి అలాంటివాడు కాదని ఊరంతా అనుకుంది.

అతని సంగతి నేను ఎరుగుదును. ఒకసారి మీ బావగారు తోటలో అతన్ని నిలబెట్టి, "నేను చెప్పేదాకా ఇక్కడినుంచి కదలకు" అని చెప్పి, పెళ్ళికి పోయి ఆ మాటే మరచిపోయారు. మర్నాడు చూస్తే అక్కడే ఉన్నాడు. వాన కురిసినా చెట్టు కిందికి కూడా జరగలేదు. "అదేటయ్యా?" అంటే, "తవరు సెప్పనేదు గదా" అన్నాడు. మీ బావగారు ఇప్పటికీ ఆ మాట తలచుకుని తల దించుకుంటారు.

నీ ఉత్తరంలో ఆ పేరు కనబడగానే నీలమ్మను పిలిచి చదివి వినిపించాను. ముందు నమ్మలేదు. "మల్లీ సదవండమ్మా" అంది. మళ్ళీ చదివాను. "తిండికి కూడా దిగడా? ఆడేనమ్మా, ఆడే" అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ పూట కాళ్ళకు పసుపు రాసుకుంది. చూస్తే నాకూ కళ్ళు నిండేంత సంతోషమైంది.

నువ్వు చెయ్యవలసింది ఒక్కటే. అతన్ని కిందికి పిలిచి, పెళ్ళాన్ని ఇలా వదిలేసి ఊరుకోవడం ఏమిటని నాలుగు చీవాట్లు పెట్టు. రంగం వెళ్ళాడని ఆ అబద్ధం ఎవరు పుట్టించారో కూడా అడుగు. నీలమ్మ నీ జవాబు కోసం ఎదురుచూస్తుంది.

కృష్ణవేణి

*

టెక్కలి,
9 ఆగస్టు 1924

అక్కయ్యకు,

జాడీ చేరింది. గార్డు మర్యాదస్తుడు.

సన్యాసికి నీలమ్మ కబురు చెప్పాను. పైకి చూసి గట్టిగా, "సన్యాసీ, కవిటిలో నీ భార్య నీలమ్మ నీకోసం చూస్తున్నది. పని చూసుకొని ఒకసారి పోయి కనబడవలెను" అన్నాను. అప్పుడు బుట్ట దిగుతూ ఉంది. నా మాట పూర్తికాకుండానే అది సగంలో ఆగింది. ఆగి, అలా గాలిలో ఊగుతూ చాలాసేపు ఉండిపోయింది. చదువుకుంటున్న కుర్రాళ్ళందరూ తలలెత్తి చూశారు. ధనమ్మ చేతిలో చీపురు పడేసి బయటికి పరిగెత్తింది. తర్వాత బుట్ట మెల్లగా నా బల్ల మీదికి దిగింది. పుస్తకం ఉంది. మనిషి దిగలేదు. సిగ్గుపడుతున్నాడనుకుంటాను.

అతని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. పుస్తకాలు తడిసి వస్తున్నాయి. ఆషాఢం పోయినా ఇక్కడ వాన సరిగా పడలేదు, మిట్టమధ్యాహ్నం ఎండ మాడుస్తుంటే అట్టల మీద నీళ్ళ బొట్లు. ముక్కుకు దగ్గరగా పెడితే తడిసిన తాటాకు వాసన. పైకప్పు కారుతోందా అని అడిగితే అప్పలరాజు తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్ళు మండి, "పుస్తకాలు తడిపితే ఊరుకోను" అని పైకి కేకేశాను. ఆ తర్వాత వచ్చిన పుస్తకం ఒక తువ్వాలులో చుట్టి ఉంది. నేతబట్ట, అంచు చిరిగితే వల కుట్టే దారంతో ఎవరో అడ్డదిడ్డంగా కుట్టారు. పుస్తకం పొడిగా ఉంది. తువ్వాలు పిండితే నీళ్ళు కారాయి. చూశావా, తన మీది బట్ట తీసి పుస్తకానికి కప్పాడు! అలాంటి నౌకరును నేను కళాశాలల్లో ఎక్కడా చూడలేదు. ఆ తువ్వాలు ఆరేసి నా బల్ల పక్కన ఉంచాను. ఎంత ఎండకు వేసినా ఆరదు, అదొక వింత.

ఇప్పుడొక ముఖ్యమైన పని పడింది. నౌకర్లలో ఒకర్ని తగ్గించాలట. ఎవరి పనితనం ఎలా ఉందో నివేదిక ఇమ్మని మేనేజరు వైకుంఠరావుగారు అడిగారు. ఆయనే స్వయంగా వచ్చారు, నేను చేరిన తర్వాత మొదటిసారి. నేను సన్యాసిని పొగడడం మొదలుపెట్టాను. ఆయన, "ఏ సన్యాసి?" అన్నారు. "పైన ఉండే సన్యాసి. చూడండి" అని చీటీ వేసి తాడు కదిపాను. బుట్ట లేచింది. ఆయన చేతికర్ర కిందపడింది. మంచినీళ్ళు అడిగారు. ధనమ్మ గ్లాసు తెచ్చేలోగా వెళ్ళిపోయారు. కర్ర ఇక్కడే ఉంది, ఎవర్నీ పంపి తెప్పించుకోలేదు. పెద్దమనిషికి ఎండదెబ్బ తగిలిందేమో.

నివేదికలో అప్పలరాజును తీసెయ్యవచ్చని రాస్తున్నాను. మనిషి దొంగ కాడు, తాగుబోతూ కాడు. కానీ బుట్ట కదిలితే పారిపోయే నౌకరు గ్రంథాలయంలో ఎందుకు? నలుగురు పిల్లలున్నారని తెలుసు, మనసు పీకుతూనే ఉంది. అతనిలో నాకు నచ్చినది ఒక్కటే, అది చెబితే నువ్వు ఆశ్చర్యపోతావు. పొద్దున్నే నేను "పైన ఎవరు?" అని అడిగితే రోజూ ఒకటే జవాబు: "సన్నాసి నేడు బావూ." ఇవాళ అనడు, ఈరోజు అనడు. నేడు! అక్షరం ముక్క రానివాడి నోట శుద్ధమైన గ్రాంథికపు మాట. నేను దిద్దిన ఫలితమేమో అని లోలోపల మురిసిపోతున్నాను కూడా. నవ్వకు.

గణపతిరావు

*

కవిటి,
16 ఆగస్టు 1924

గణపతీ,

ఈ ఉత్తరం అందగానే ఆ నివేదిక ఇవ్వడం ఆపు. ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో.

నాయనా, ఇక్కడివాళ్ళు "లేదు" అనరు. "నేదు" అంటారు. "లేడు" అనే మాటను "నేడు" అంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పనిమనిషి "పాలోడు నేడమ్మా" అంటే, పాలవాడు ఇవాళ వస్తాడనుకుని గిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. మా అత్తగారు తను పోయేదాకా ఆ కథ అందరికీ చెప్పుకుంది. ఇన్నాళ్ళూ ఆ కథకు నేనూ నవ్వాను. ఇవాళ నవ్వు రావడం లేదు.

అప్పలరాజు నీతో ప్రతి పొద్దునా చెబుతున్నది ఒక్కటే. సన్యాసి లేడు. నువ్వు పైన ఎవరని అడుగుతున్నావు, అతను సన్యాసి లేడని చెబుతున్నాడు. ఒక్క ముక్కలో చెప్పమన్నావు, ఒక్క ముక్కలోనే చెప్పాడు. సరే, మరి బుట్ట ఎవరు లాగుతున్నారు? నువ్వు పైకి ఎక్కలేవు. అప్పలరాజు, ధనమ్మ నీ కళ్ళెదుటే ఉంటారు. మీ బావగారు గుమ్మంలో నిలబడి, ఇంకెవరైనా పనివాడై ఉంటాడులే అంటున్నారు. అంటున్నారు గానీ, ఆయన కూడా కూర్చోలేకపోతున్నారు.

ఇంకొక ఘోరం జరిగింది. నీ ఉత్తరం వచ్చినప్పుడు నీలమ్మ పక్కనే ఉంది. మొదటినుంచి చదివి వినిపిస్తున్నాను. తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి, "వలదారమా? అడ్డంగా కుట్టినారా?" అని లేచి నిలబడింది. "ఆ కుట్టు నాదేనమ్మా. సూది నేక ముల్లుతో కుట్టినాను" అంది. మిగతా ఉత్తరం వినలేదు. తాటాకు గొడుగు ఒకటి చేతపట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఒక్కదాన్నే చివరిదాకా చదివాను. "నేడు" అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మనిషిని పరిగెత్తించాను, అప్పటికే సోంపేటలో రైలు కదిలిపోయిందట.

పూండి, నౌపడా దాటి ఆమె నీ దగ్గరికి వచ్చేస్తుంది. కాళ్ళకు పసుపు పెట్టుకుని, మొగుడు బతికున్నాడని నమ్మి వస్తుంది. ఆ నమ్మకం ఆమెకు కలిగించింది మనమిద్దరం. దయచేసి ముందు అప్పలరాజుతో మాట్లాడు. వాడి మాట దిద్దకు. చెప్పేదాకా విను.

కృష్ణవేణి

*

టెక్కలి,
21 ఆగస్టు 1924

అక్కా,

నీ ఉత్తరం, నీలమ్మ ఒకే రోజు వచ్చారు. ఉత్తరం పొద్దున, ఆమె మధ్యాహ్నం. ఆ మధ్యలో నాకు కొంచెం వ్యవధి దొరికింది. దేవుడి దయ.

అప్పలరాజును పిలిచి తలుపు దగ్గరగా వేసి, "నియమం పోయింది. నీ మాటలో నీకు ఎలా వస్తే అలా చెప్పు" అన్నాను. అతను నేల మీద కూర్చున్నాడు. తర్వాత ఆగకుండా చెప్పాడు. అతను చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క అక్షరం దిద్దకుండా.

"గాలోన మొదలెట్టింది బావూ. పైన పెంకులెగిరిపోతన్నాయి. తవరికి ముందు ఈ బల్లకాడున్న పాత పంతులుగోరు సన్నాసిని పిలిసి, పైకెక్కి పుత్తకాలకి తాటాకులు కప్పు, నాను సెప్పేదాక దిగొద్దన్నారు. ఆడు ఎక్కినాడు. పంతులుగోరు గాలికి బయపడి ఇంటికెల్లిపోనారు. మమ్మల్నీ పొమ్మన్నారు. ఆడికి దిగమని ఎవలూ సెప్పనేదు. గాలి తగ్గినాక వొచ్చి సూత్తే పైన దూలం ఇరిగిపడున్నాది. ఆడు తాటాకు అలగే పట్టుకునున్నాడు. తడిసి బిగుసుకుపోనాడు. ఆడి తువ్వాలే కప్పి పూడిసినాం బావూ, నానూ, దనమ్మ మొగుడూ."

నేను బల్ల పక్కన ఆరేసిన తువ్వాలు వైపు చూశాను. అతను చూడలేదు.

"మరి రంగం అని ఎందుకు చెప్పారు?"

"మేనేజరు బావు సెప్పమన్నారు. ఎవలడిగినా రంగం ఎల్నాడను, ఇక్కడ నేడను, అంతే, ఇంకో ముక్క సెప్పినావంటే నీ ఉజ్జోగం నేదన్నారు. తవరొచ్చీ అదే అన్నారు గదా, ఒకే ముక్క సెప్పమని. మేవిద్దరం అదే మేలనుకున్నాం."

నా నియమం విని వాళ్ళ ముఖాలు ఎందుకు తేటపడ్డాయో అప్పుడు తెలిసింది. నోరు మూసుకోమని ఒకడు బెదిరించి చెప్పాడు. అదే నేను పద్ధతి పేరుతో చెప్పాను. నాకు సిగ్గేసింది అక్కా.

"బుట్ట ఎవరు లాగుతున్నారు?" అని అడిగాను.

"అది తవరే సూత్తన్నారు గదా బావూ" అన్నాడు.

మధ్యాహ్నం నీలమ్మ వచ్చింది. సన్నగా వాన మొదలైంది. గొడుగు గుమ్మంలో ఆనించి లోపలికి వచ్చి, నన్ను కాదు, ముందు తువ్వాలును చూసింది. అంచు వేళ్ళతో తడిమింది. నేను చెప్పవలసినది చెప్పడానికి లేచాను. కానీ అప్పలరాజు ముఖం, ధనమ్మ ఏడుపు చూసి ఆమె నేను చెప్పకముందే అంతా తెలుసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల ఎత్తి గిలక వైపు చూస్తూ, "ఇంకా పైనే ఉన్నాడా?" అని అడిగింది.

నిచ్చెన ఎక్కింది. పైన ఆమె అడుగుల చప్పుడు వినిపించింది, ఈ మూల నుంచి ఆ మూలకు. దిగివచ్చి, "అగుపడడు. నేలంతా తడి. పిలిత్తే పలకడు" అంది. తర్వాత నా ఎదుట నిలబడి చేతులు జోడించింది. "నా మాటకి దిగడు బావూ. పనిలో ఎట్టినోరు సెప్పాల. ఆడికి దిగమని ఎవలూ సెప్పనేదు గదా. తవరు సెప్పండి."

నీ ఉత్తరంలో బావగారి తోట సంగతి గుర్తొచ్చింది. వాన కురిసినా చెట్టు కిందికి జరగని మనిషి. పైకి చూసి, నాకు అలవాటైన భాషలోనే, "సన్యాసీ, నీ పని ముగిసినది. ఇక క్రిందికి రావచ్చును" అన్నాను. బుట్ట లేచింది. అందులో చీటీ లేదు, ఏమీ లేదు. పైకి వెళ్ళి, తిరిగి వచ్చి, ఖాళీగా నా ముందు ఆగింది. ఏ పుస్తకం కావాలో చెప్పమన్నట్టు ఆగింది.

"అలగంటే ఆడికి తెలవదు బావూ" అని అప్పలరాజు మెల్లగా అన్నాడు. ఎలా అనాలో నాకు చెప్పాడు. నేను నేర్చుకున్నాను. నలభై ఏళ్ళు రాబోతున్న పంతుల్ని, నౌకరు దగ్గర పాఠం చెప్పించుకున్నాను. తర్వాత పైకి చూసి అన్నాను:

"సన్నాసీ, పనైపోనాది. దిగొచ్చీ. ఇంటికెల్లిపో."

గిలక మీదినుంచి తాడంతా జారి బుట్ట మీద కుప్పగా పడింది. తర్వాత నిచ్చెన పైమెట్టు కిర్రుమంది. తర్వాత దాని కిందిది. బరువైన మనిషి, ఒళ్ళు బిగుసుకుపోయిన మనిషి, మెల్లగా కాలు మోపి దిగినట్టు ఒక్కొక్క మెట్టూ కిర్రుమంటూ వచ్చింది. ప్రతి మెట్టు మీదా తడి కనిపించింది. కింది మెట్టు దగ్గర చప్పుడు ఆగింది. అప్పలరాజు దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఎవరికి పెట్టానో అడగకు.

నీలమ్మ తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకుంది. "ఇంత తడిసినావేటి" అంది, ఇంట్లో మాట్లాడుకున్నట్టు. "పద." గుమ్మంలో గొడుగు తీసి విప్పింది. వాన అప్పటికి గట్టిగా పడుతోంది. స్టేషను వైపు కాకుండా కాలిబాట పట్టింది. నేను వరండాలో నిలబడి కనబడినంతసేపూ చూశాను. గొడుగు తన మీద పట్టుకోలేదు అక్కా. పక్కకు పట్టుకుంది. ఆమె ఎడమ భుజం పూర్తిగా తడుస్తూనే ఉంది.

నివేదిక మళ్ళీ రాశాను. అప్పలరాజును ఉంచాలని రాశాను. సన్యాసి పేరు కింద, గాలివానలో ఎవరు ఎక్కించారో, ఎవరు దింపలేదో, ఎవరు దాచమన్నారో అన్నీ రాసి వైకుంఠరావుగారి చేతికే ఇచ్చాను, ఆయన కర్రతో సహా. "నీకిక్కడ నూకలు చెల్లాయి" అన్నారు. చెల్లితే చెల్లనీ. ఇప్పుడు పైకి అప్పలరాజు ఎక్కుతున్నాడు. పుస్తకాలు ఆలస్యంగా వస్తున్నాయి, ఒక్కోసారి వేరేవి వస్తున్నాయి. కానీ పొడిగా వస్తున్నాయి. నేనేమీ అనడం లేదు. మధ్యమధ్యలో పైకి కేకేసి ఏదో ఒకటి మాట్లాడుతున్నాను, అతనూ మాట్లాడుతున్నాడు. కుర్రాళ్ళు మా గోలకు చదువు సాగడం లేదంటున్నారు.

నీలమ్మ చేరిందా? వెంటనే రాయి.

గణపతి

*

కవిటి,
18 సెప్టెంబరు 1924

తమ్ముడూ,

వెంటనే రాయమన్నావు, రాయలేకపోయాను. రాయడానికి తగినట్టుగా ఏదైనా తెలిస్తే కదా.

నీలమ్మ నడిచే వచ్చింది. దారిలో ఎక్కడ ఆగిందో, ఏం తిన్నదో ఎవరికీ తెలియదు. నీ ఉత్తరం ఆమెకంటే ముందే అందింది, కాబట్టి నేను అంతా వాడవాళ్ళకు చెప్పేశాను. ఆమె ఇల్లు చేరగానే ఆడవాళ్ళు నలుగురు వెళ్ళారు, గాజులు తీయించి, జరగవలసినది జరిపిద్దామని. నేనూ వెళ్ళాను. నీలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కోపం లేదు, ఏడుపు లేదు. "ఇప్పుడే గదమ్మా ఇంటికొచ్చినాడు. నాలుగు దినాలు ఉండనీండి" అంది.

వెనక్కి వచ్చేశాం. వస్తూ వస్తూ నేను చూశాను, అరుగు మీద ఒక మనిషి కూర్చున్నంత మేర తడిగా ఉంది. ఆ పూట ఎండ కాస్తోంది. నాకు భయమేసింది గణపతీ, కాదనను. కానీ ఆ ఇంటి మీద నాకు కోపం రాలేదు, పొరుగువాళ్ళకూ రాలేదు. ఆ దారిన పోయేవాళ్ళు కొంచెం మెల్లగా నడిచారు, అంతే. లోపలినుంచి నీలమ్మ మాటలు వినిపించేవి. చిన్నప్పటి సంగతులు, కొబ్బరి ధర, ఆవు ఈనిన సంగతి. ఒక్క గొంతే వినిపించేది. మధ్యమధ్య ఆగేది, ఎదుటివాళ్ళ మాట వింటున్నట్టు. ఎన్నాళ్ళ మాటలో పాపం, దాచుకున్నది. అన్నాళ్ళూ కూలికి రాలేదు. మీ బావగారు పిలవవద్దన్నారు.

నీ ఉద్యోగం పోయిందని విన్నాను. ఇక్కడికి వచ్చెయ్యి. మా ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు లేరు. అయితే ఒక షరతు: వాళ్ళ మాట దిద్దకూడదు.

నిన్న పొద్దున నీలమ్మ పనిలోకి వచ్చింది. తువ్వాలు ఉతికి తలకు చుట్టుకుంది. పొడిగా ఉంది. చేతులకు గాజులు లేవు. తనే తీసేసుకున్నట్టుంది, ఎవరినీ పిలవలేదు. ఊరికే, అలవాటుగా, "సన్యాసి?" అన్నాను.

"నేడమ్మా" అంది.

తర్వాత పీచు ముందేసుకుని రోకలి అందుకుంది.

కృష్ణవేణి